రెండు గాదెలు

పల్లెలలో ఒక కట్టుబాటు ఉన్నది. ఇంట్లో గింజలు ఎంత తరిగిపోయినా, విత్తనం కోసం తీసిపెట్టిన గింజలను మాత్రం వండుకోరు. మన సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ చుట్టుపక్కల గ్రామాలలో ఆడవాళ్ళు జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలను వెదురు గంపలలో పోసి, బూడిదా వేపాకూ కలిపి, పైన మట్టితో మెత్తి దాచటం మీలో కొందరు చూచే ఉంటారు. ఇరుగుపొరుగుకు విత్తనం కావలసివస్తే ఆ గంప విప్పి ఇస్తారు. పంట ఇంటికి వచ్చాక, తీసుకున్నవారు మరికొంత కలిపి తిరిగి పోస్తారు. దాచుకోవటం, పంచుకోవటం – ఈ రెండూ కలిస్తేనే విత్తనం నిలుస్తుంది. దాచి ఎవరికీ ఇవ్వకపోతే పుచ్చిపోతుంది. దాచకుండా అంతా ఇచ్చివేస్తే మరుసటి ఏటికి మిగలదు.

ఇదే పనిని చాలా పెద్ద ఎత్తున చేసే గాదె పటాన్‌చెరులో ఉన్నది. 1972లో అక్కడ ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఏర్పడింది. జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ – వానమీద ఆధారపడి పండే ఇలాంటి పంటలను గురించి అక్కడ పరిశోధనలు జరుగుతాయి. ఆ సంస్థలో జన్యునిధి అనే విభాగం ఒకటి ఉన్నది. 140కి పైగా దేశాల నుండి సేకరించిన 1,25,000కు పైగా విత్తన నమూనాలను అక్కడి చల్లని గదులలో భద్రం చేశారు. కొన్నిటిని 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. చాలాకాలం నిలవవలసిన వాటిని సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచుతారు. ఏ దేశపు పరిశోధకుడైనా కోరితే నమూనా పంపుతారు.

ఈ గాదె సంగతి చాలామంది ఎరుగుదురు. ఆ సంస్థకే రెండో గాదె ఒకటి ఉన్నదని ఎరిగినవారు మాత్రం తక్కువ. అందులో గింజలు ఉండవు. ఆ గింజల మీద శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనల ఫలితాలు ఉంటాయి. దానికి తలుపు ఉన్నది గాని తాళం లేదు. ఇంటర్నెట్ ఉన్నచోట ఎవరైనా, పైసా చెల్లించకుండా, లోపలికి వెళ్ళి చదువుకోవచ్చు. ఇటువంటి వాటిని ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీలు అంటారు. ఓపెన్ యాక్సెస్ అంటే అందరికీ అందుబాటు. రిపాజిటరీ అంటే పదిలంగా దాచే చోటు. విత్తనాలది జన్యునిధి కాబట్టి, మనం దీనిని పత్రనిధి అందాం.

ఇంతకీ ఇటువంటి నిధి అవసరం ఎందుకు కలిగింది? పరిశోధన చేసినవారు దానిని అచ్చువేయరా? అచ్చువేస్తే అందరికీ తెలియదా? ఈ ప్రశ్న మీకు కలగటం న్యాయమే. సమాధానం తెలియాలంటే ముందుగా పరిశోధన ఎక్కడ ముగుస్తుందో చూడాలి.

పరిశోధన ఎక్కడ ముగుస్తుంది?

కంది చేలో ఎండు తెగులు మీరు చూచే ఉంటారు. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వడలి, నిలువునా ఎండిపోతుంది. నేలలో ఉండే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం దీనికి కారణం. ఈ తెగులును తట్టుకొనే కంది రకాలేవో ఒక శాస్త్రజ్ఞుడు కనుగొనదలచాడు అనుకోండి. తెగులు బాగా ఉన్న నేలనే ఎంచుకొని వందల రకాలు విత్తుతాడు. ఏ రకంలో ఎన్ని మొక్కలు చచ్చాయో, ఎన్ని బ్రతికాయో లెక్క రాస్తాడు. మరుసటి ఏడు మళ్ళీ విత్తి సరిచూస్తాడు. కొన్నేళ్ళ శ్రమ తరువాత, ఫలానా రకాలు తట్టుకుంటాయని తేలుతుంది. దీనితో పరిశోధన ముగిసిందా?

ముగియలేదు. అది ఆయన నోటుపుస్తకంలోనే ఉంటే లోకానికి ఒరిగేదేమీ లేదు. ఏ పద్ధతిలో చేశాడో, ఏ కొలతలు వచ్చాయో, వాటి నుండి ఏమి తేల్చాడో వివరంగా రాసి, ఒక శాస్త్ర పత్రికకు పంపాలి. ఇదే పరిశోధనా పత్రం. పత్రిక సంపాదకుడు దానిని అదే విషయం తెలిసిన మరి ఇద్దరు ముగ్గురు శాస్త్రజ్ఞులకు పంపుతాడు. వారు తప్పులు వెదుకుతారు, అనుమానాలు అడుగుతారు. వాటికి జవాబులు చెప్పిన తరువాతనే పత్రం అచ్చవుతుంది. ఈ పరీక్షను సమీక్ష అంటారు. అచ్చయిన పత్రాన్ని చదివి మరొక దేశంలో మరొకరు అదే ప్రయోగం చేసి నిజమో కాదో చూస్తారు. నిజమైతే దానిమీద ఇంకొక మెట్టు కడతారు. విజ్ఞానం పెరిగేది ఇలాగే.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1665లో జనవరిలో పారిస్‌లో ఒకటి, మార్చిలో లండన్‌లో ఒకటి శాస్త్ర పత్రికలు మొదలయ్యాయి. లండన్ పత్రికను నడిపినవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. అంతకుముందు శాస్త్రజ్ఞులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకొనేవారు. పత్రిక రావటంతో ఒక ఉత్తరం వందలమందికి చేరినట్లయింది.

తాళం ఎక్కడ పడింది?

పత్రిక అచ్చువేయాలంటే కాగితం కావాలి, సిరా కావాలి, టపా ఖర్చులు కావాలి. అందుచేత చందా పెట్టారు. అది న్యాయమే. అయితే ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఈ పత్రికలలో చాలా భాగం పెద్ద పెద్ద ప్రచురణ సంస్థల చేతికి వెళ్ళాయి. చందాలు ఏటికేడు పెరిగాయి. ఇంటర్నెట్ వచ్చి కాగితం, టపా ఖర్చులు తగ్గినా చందాలు తగ్గలేదు. చందా కట్టని వారు ఒక్క పత్రం చదవాలన్నా 30, 40 డాలర్లు చెల్లించవలసి వచ్చేది. ఇప్పటికీ చాలా పత్రికలలో అంతే.

ఇందులో ఒక వింత గమనించారా? పరిశోధనకు డబ్బు ఇచ్చింది చాలాసార్లు ప్రభుత్వం, అంటే ప్రజలు. పత్రం రాసిన శాస్త్రజ్ఞుడికి ఆ పత్రిక జీతం ఇవ్వదు. సమీక్ష చేసినవారికీ మామూలుగా ప్రతిఫలం ఏమీ ఉండదు. ఐనా, చివరకు ఆ పత్రాన్ని చదవటానికి అదే ప్రజల డబ్బుతో నడిచే గ్రంథాలయం మళ్ళీ కొనుక్కోవాలి. పండించినవాడే తన ధాన్యాన్ని అంగడిలో కొనుక్కున్నట్లు!

డబ్బు ఖర్చు ఒక్కటే ఐతే ఇది లెక్కల సమస్య. కాని ఒక్కొక్కసారి ఇది ప్రాణాల సమస్య కూడా అవుతుంది. మన ఊరి దగ్గర సంగతే చూడండి.

పటాన్‌చెరు ప్రాంతంలో మందుల తయారీ కర్మాగారాలు అనేకం ఉన్నాయి. వాటి వ్యర్థజలాన్ని శుద్ధి చేయటానికి ఒక ఉమ్మడి కేంద్రం ఏర్పాటు చేశారు. శుద్ధి చేశామన్న నీరు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయేది. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఆ కేంద్రం నుండి వెలువడే నీటిని పరీక్షించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ మందు లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని అందులో తేలింది. కొన్ని రకాల సూక్ష్మజీవులను చంపటానికి చాలినదానికి ఇది వెయ్యి రెట్లకు మించిన మోతాదు! 2009లో మరొక పత్రం వచ్చింది. ఆ పరిసరాలలోని చెరువులలో, కొన్ని గ్రామాల బావుల నీటిలో కూడా మందులు ఉన్నట్లు అది చెప్పింది.

యాంటీబయోటిక్ నీటిలో ఉంటే ఏమవుతుంది? ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులే బ్రతికి వృద్ధి చెందుతాయి. తరువాత మనకు జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయదు. అంటే ఆ బావి నీరు తాగే కుటుంబానికి ఇంతకంటె అవసరమైన సమాచారం మరొకటి లేదు. కాని ఆ రెండు పత్రాలూ చందా పత్రికలలోనే అచ్చయ్యాయి. బావి ఇక్కడిది, నీరు ఇక్కడిది, తాగేవారు ఇక్కడివారు. ఆ నీటిలో ఏమున్నదో చెప్పే పత్రం మాత్రం డాలర్లు కడితేనే తెరుచుకుంటుంది. ఆ బృందమే వాగు అడుగు మట్టిని పరీక్షించి, యాంటీబయోటిక్‌లను తట్టుకొనే జన్యువులు అందులో పెద్ద ఎత్తున ఉన్నాయని 2011లో ప్రకటించింది. ఈ మూడో పత్రాన్ని అందరికీ ఉచితంగా అందే పత్రికలో వేశారు. దానిని సంగారెడ్డిలోని విద్యార్థి కూడా ఈనాడే తెరిచి చదవవచ్చు. తేడా తెలిసింది గదా!

ఇలాంటిదే ఆఫ్రికాలోని లైబీరియాలో జరిగింది. 2014, 2015 సంవత్సరాలలో ఎబోలా జ్వరం వల్ల ఆ దేశంలో 4,800 మందికి పైగా చనిపోయారు. ఆ జబ్బు తమ దేశంలో ఉంటుందని అక్కడి వైద్యాధికారులు ఊహించలేదు. తీరా వెదికితే, లైబీరియా ప్రజల రక్తంలో ఎబోలా జాడలు ఉన్నాయనీ, ఆ దేశాన్ని కూడా ఎబోలా ప్రాంతాలలో చేర్చాలనీ చెప్పిన పత్రం ఒకటి 1982లోనే యూరపులో అచ్చయినట్లు బయటపడింది. దానిని రాసినవారిలో లైబీరియావారు ఒక్కరూ లేరు. ఇటువంటి పత్రం ఒకటి తెప్పించుకోవాలంటే 45 డాలర్లు కావాలనీ, అది తమ దేశపు డాక్టరుకు అరవారం జీతమనీ ఆ అధికారులు 2015లో రాశారు. ఆ పత్రం చేతికి అందినంత మాత్రాన జబ్బు ఆగేదని చెప్పలేము. కాని హెచ్చరిక చెవిన పడి ఉండేది.

తలుపులు తెరుచుకున్న కథ

మొదటి తలుపు తెరిచినవారు భౌతిక శాస్త్రజ్ఞులు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేసే పాల్ గిన్స్‌పార్గ్ 1991 ఆగస్టులో ఒక కంప్యూటరును ఈ పనికి కేటాయించాడు. శాస్త్రజ్ఞులు తమ పత్రాలను అచ్చుకు ముందే దానికి పంపేవారు. కావలసినవారు దాని నుండి తెప్పించుకొనేవారు. ఆర్కైవ్ అనే పేరుతో అది నేటికీ నడుస్తున్నది. 2001 నుండి దాని బాధ్యత కార్నెల్ విశ్వవిద్యాలయానిది.

2000లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు ఈప్రింట్స్ అనే సాఫ్ట్‌వేరును తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. దానితో ఏ సంస్థ అయినా తన పత్రనిధిని తానే నడుపుకొనే వీలు కలిగింది. 2001 డిసెంబరులో కొందరు శాస్త్రజ్ఞులు, గ్రంథాలయ నిపుణులు బుడాపెస్ట్ నగరంలో సమావేశమయ్యారు. సమీక్ష పొందిన పరిశోధనా పత్రాలు అందరికీ ఉచితంగా అందాలన్న వారి ప్రకటన 2002 ఫిబ్రవరి 14న వెలువడింది. దానికి వారు రెండు దారులు సూచించారు. ఒకటి, శాస్త్రజ్ఞుడు తన పత్రం ప్రతిని పత్రనిధిలో తానే జమ చేయటం. రెండు, పత్రికనే ఉచితం చేయటం.

మన దేశంలో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2002లోనే పత్రనిధిని తెరిచి దారి చూపింది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 2009లో ఒక నియమం పెట్టింది. తన శాస్త్రజ్ఞులు రాసే పత్రాల ప్రతులను సంస్థ నిధిలో జమచేయటం తప్పనిసరి అన్నది. 2011లో ఆ నిధి అందరికీ తెరుచుకున్నది. కొత్త పత్రాలే కాదు, సంస్థ తొలినాళ్ళలో కాగితం మీద మాత్రమే ఉన్న నివేదికలను కూడా స్కాన్ చేసి అందులో చేర్చారు. మన జిల్లాలోనే కందిలో ఉన్న హైదరాబాద్ ఐ.ఐ.టి. కూడా తన పత్రనిధిని ఈప్రింట్స్ సాఫ్ట్‌వేరు మీదనే నిర్మించుకున్నది. 2013లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి, 2014 డిసెంబరులో కేంద్రప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖ, జీవసాంకేతిక శాఖ ఇటువంటి నియమాలు ప్రకటించాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్, పిహెచ్.డి. గ్రంథాలకు శోధ్‌గంగ అనే నిధులు కూడా ఏర్పడ్డాయి.

మన తెలుగువారికి ఈ భావం కొత్తదేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసినది ఎందుకు? పుస్తకం కొనలేనివాడు కూడా చదువుకోవాలనే గదా!

లోపల ఏమి జరుగుతుంది?

పత్రనిధి అంటే పత్రాలను కంప్యూటరులో కుప్పపోయటం కాదు. జన్యునిధికి ఒక గుప్పెడు గింజలు రాగానే ఏమి చేస్తారో తెలుసా? మొదట ఒక సంఖ్య ఇస్తారు. కంది ఐతే ఐ.సి.పి. అనే అక్షరాల తరువాత ఒక అంకె వేస్తారు. ఏ దేశంలో, ఏ ఊరిలో, ఏ తేదీన సేకరించారో, మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందో రాసిపెడతారు. ఈ వివరాలను విత్తనం పాస్‌పోర్ట్ అంటారు. పాస్‌పోర్ట్ లేని విత్తనం పేరు తెలియని బాటసారి వంటిది. గదిలో ఉన్నా ఎవరికీ ఉపయోగపడదు.

పత్రానికీ అంతే. దానిని జమ చేసేటప్పుడు పేరు, రచయితలు, సంవత్సరం, విషయం, ఏ పత్రికలో వచ్చింది, ఏ భాష – ఇలాంటి వివరాలు నింపాలి. 1995లో అమెరికాలోని డబ్లిన్ అనే ఊరిలో జరిగిన సమావేశంతో ఇటువంటి శీర్షికల పట్టిక ఒకటి రూపుదిద్దుకున్నది. అందులో 15 శీర్షికలు ఉంటాయి. లోకంలోని నిధులన్నీ దాదాపు ఒకే రకం శీర్షికలు వాడితే లాభమేమిటి? వెదికే యంత్రాలు ఒక్కొక్క నిధికీ వెళ్ళి ఈ వివరాలను ఏరుకొని వస్తాయి. మీరు "కంది, ఎండు తెగులు" అని అడగగానే పటాన్‌చెరులోని పత్రం, నైరోబీలోని పత్రం పక్కపక్కనే కనబడతాయి.

తరువాత పత్రానికి ఒక శాశ్వత సంఖ్య. ఇళ్ళు మారితే చిరునామా మారుతుంది గాని మనిషి పేరు మారదు. అలాగే పత్రం ఒక కంప్యూటరు నుండి మరొక దానికి మారినా, ఈ సంఖ్య చెబితే కొత్త చోటు చూపుతుంది.

మరి అచ్చువేసిన పత్రిక ఒప్పుకుంటుందా? ఇది చిక్కైన విషయమే. చాలా పత్రికలు తాము అందంగా కూర్చి అచ్చువేసిన ప్రతిని పెట్టనివ్వవు. కాని సమీక్ష పూర్తయి, అంగీకారం పొందిన రచయిత ప్రతిని పెట్టుకోనిస్తాయి. కొన్ని, ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. అప్పటివరకు ఆ పత్రం వివరాలు మాత్రం నిధిలో కనబడతాయి. చదవదలచినవారు ఒక మీట నొక్కి రచయితను ప్రతి అడగవచ్చు. వెనుకటి రోజులలో శాస్త్రజ్ఞులు పోస్టుకార్డు రాసి ప్రతులు తెప్పించుకొనేవారు. ఇది దానికి కొత్త రూపం అన్నమాట.

దాచటం కూడా ఒక శాస్త్రమే

కంప్యూటరులో పెట్టినంత మాత్రాన పత్రం చిరంజీవి కాదు. జన్యునిధిలోని విత్తనాలను కొన్నేళ్ళకొకసారి తీసి మొలకెత్తించి చూస్తారు. మొలకలు బాగా తగ్గితే వెంటనే విత్తి కొత్త విత్తనం పండిస్తారు. పత్రాలకు కూడా ఇటువంటి మొలక పరీక్ష ఉన్నది. కంప్యూటరులో ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. కాలం గడిచేకొద్దీ డిస్కులలో ఎక్కడో ఒక అంకె చెడిపోవచ్చు. దానిని పట్టుకొనేది ఎలా?

ఒక చిన్న ఉదాహరణ. మీ దగ్గర 4, 7, 2, 9 అనే అంకెలు ఉన్నాయి. కూడితే 22. ఈ మొత్తాన్ని వేరే రాసిపెట్టుకోండి. కొంతకాలం తరువాత మళ్ళీ కూడండి. 2 చెడిపోయి 3 అయితే మొత్తం 23 వస్తుంది. ఎక్కడో తేడా వచ్చిందని వెంటనే తెలుస్తుంది. కాని 4, 7 తారుమారైతే? మొత్తం 22గానే ఉంటుంది! అందుచేత ఇంకొంచెం తెలివిగా చేద్దాం. మొదటి అంకెను 1తో, రెండోదానిని 2తో, మూడోదానిని 3తో, నాలుగోదానిని 4తో గుణించి కూడుదాం. 4 + 14 + 6 + 36 = 60. తారుమారైతే 7 + 8 + 6 + 36 = 57. దొరికిపోయింది! పత్రనిధులు ఇంతకంటె చాలా పెద్ద లెక్క వేస్తాయి గాని, కిటుకు ఇదే. తేడా కనబడితే చెడిన ప్రతిని తీసివేసి, మంచి ప్రతిని దాని స్థానంలో పెడతారు.

మంచి ప్రతి ఎక్కడ నుండి వస్తుంది? వేరొక చోట దాచిన నకలు నుండి. పటాన్‌చెరు విత్తనాలలో లక్షకు పైగా నమూనాల నకళ్ళు నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవులలో, మంచుకొండ లోపల తొలిచిన గదిలో ఉన్నాయి. ఆ గది 2008లో మొదలయింది. ఈ జాగ్రత్త వృథా కాదని త్వరలోనే రుజువైంది. సిరియాలోని అలెప్పో దగ్గర మరొక అంతర్జాతీయ సంస్థకు జన్యునిధి ఉండేది. అక్కడ యుద్ధం వచ్చి పని సాగక, ఆ సంస్థ 2015లో స్వాల్‌బార్డ్ నుండి తన విత్తనాలను వెనక్కి తెప్పించుకొని లెబనాన్, మొరాకో దేశాలలో విత్తి మళ్ళీ వృద్ధి చేసింది. 2017లో కొత్త విత్తనాన్ని తిరిగి ఆ మంచు గదికి పంపింది. పత్రాలకు కూడా నకళ్ళు వేర్వేరు ఊళ్ళలో, వీలైతే వేర్వేరు దేశాలలో ఉండాలి. ఒకచోట వరద వచ్చినా, మంటలు లేచినా మరొకచోట మిగులుతుంది.

దాచటంలో ఉన్న విలువ తెలియాలంటే మీ పాఠ్యపుస్తకంలోని మెండెల్‌ను గుర్తు చేసుకోండి. బఠానీ మొక్కల మీద ఆయన చేసిన ప్రయోగాల పత్రం 1866లో బ్రూన్ నగరపు విజ్ఞాన సంఘ పత్రికలో అచ్చయింది. దానిని పట్టించుకున్నవారు బహు తక్కువ. మెండెల్ 1884లో చనిపోయాడు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు విడివిడిగా అవే సూత్రాలకు చేరుకొని, పాత పత్రాలు తిరగవేస్తే మెండెల్ పేరు బయటపడింది. గ్రంథాలయాలు ఆ పత్రికను పారవేయకుండా ఉంచబట్టి ఆయన కీర్తి నిలిచింది. సులభంగా వెదికే దారి లేకపోబట్టి ముప్పైనాలుగేళ్ళు వృథా అయ్యాయి. దాచటం ఎంత ముఖ్యమో, దొరికేటట్లు దాచటం అంత ముఖ్యం.

సంతోషకరమైన ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి, రక్తం వంటి ద్రవాలలో భాస్వరాన్ని రంగు సాయంతో కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. ఆ పత్రం 1925లో ఒక జీవరసాయన పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక 2021 నుండి పూర్తిగా ఉచితమైంది. 1905 నాటి తొలి సంచిక మొదలు అన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. వందేళ్ళనాటి ఆ తెలుగువాని పత్రాన్ని, అందులోని పట్టికలతో సహా, ఈనాడు జోగిపేటలోని విద్యార్థి తెర మీద చూడవచ్చు. అలాగే పటాన్‌చెరు శాస్త్రజ్ఞుల నాయకత్వంలో ఆశ అనే కంది రకపు జన్యుపటాన్ని విప్పి, అందులో 48,680 జన్యువులు ఉండవచ్చని లెక్కకట్టిన పత్రం కూడా వెలువడిననాడే అందరికీ ఉచితంగా అందింది. అది 2011 నాటి మాట.

ఉచితమైనదంతా నిజమా?

కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి. పత్రనిధిలో ఉన్నదనగానే అది వేదవాక్కు కాదు. కొన్ని పత్రాలు సమీక్షకు ముందే జమ అవుతాయి. వాటి మీద ఆ మాట రాసి ఉంటుంది, చూడాలి. కొన్ని పత్రికలు డబ్బు తీసుకొని ఏది ఇచ్చినా అచ్చువేస్తాయి. అటువంటివి కూడా తమను ఓపెన్ యాక్సెస్ అనే చెప్పుకుంటాయి. అంగట్లో విత్తనం కొనేటప్పుడు సంచి మీద చీటీ చూచినట్లే, పత్రం ఎక్కడ నుండి వచ్చిందో, ఎవరు సమీక్షించారో చూచుకోవాలి. ఐతే తలుపు తెరిచి ఉన్నప్పుడు తప్పు కూడా త్వరగా బయటపడుతుంది. మూసిన గదిలోని తప్పును ఎవరు పట్టుకుంటారు?

మరొక ముఖ్య విషయం. 2025 జనవరి నుండి మన కేంద్రప్రభుత్వం దేశంలోని ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధనా సంస్థల కోసం సుమారు 13,000 పత్రికలకు ఒకేసారి చందా కడుతున్నది. మూడేళ్ళకు కేటాయించిన మొత్తం 6,000 కోట్ల రూపాయలు. కళాశాల విద్యార్థులకు ఇది గొప్ప సదుపాయమే. కాని ఇది అద్దె ఇల్లు వంటిది. అద్దె కట్టినంతకాలమే లోపల ఉంటాము. పైగా మీ ఉన్నత పాఠశాలకు, మీ ఊరి రైతుకు, బావి నీరు తాగే కుటుంబానికి ఆ తాళంచెవి అందదు. వారికి ఉన్నది పత్రనిధి తలుపే. ఆ పత్రాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉండటం ఇంకొక అడ్డంకి. దానిని తొలగించటం మీవంటివారు పెద్దయి చేయవలసిన పని. చదివినదానిని తెలుగులో చెప్పినప్పుడే తలుపు పూర్తిగా తెరుచుకున్నట్లు.

మీరూ చేసి చూడండి

మీ పాఠశాలలో ఒక చిన్న పత్రనిధి ఏర్పాటు చేయండి. దీనికి కంప్యూటరు ఉంటే మంచిదే. లేకపోతే ఒక బీరువా అర చాలు.

ముందు ఒక విషయం ఎంచుకోండి. ఊరి బావిలో నీటిమట్టం, వాన కొలత, మీ ఇళ్ళలో దాచే విత్తనాల పేర్లు – ఏదైనా సరే. నెలకొకసారి కొలిచి ఒక తావు మీద రాయండి. ప్రతి తావు పైన పాస్‌పోర్ట్ తప్పక ఉండాలి. వరుస సంఖ్య, తేదీ, చోటు, ఏమి కొలిచారు, దేనితో కొలిచారు, ఎవరు కొలిచారు, ఎవరు సరిచూచారు అనే ఏడు వివరాలు చాలు. సరిచూచేవారు కొలిచినవారు కాకూడదు. అదే మీ సమీక్ష.

తావు కింద, పైన చెప్పిన గుణకారపు పద్ధతిలో అంకెల మొత్తం వేయండి. తరువాత రెండు నకళ్ళు తీయండి. ఒకటి పాఠశాలలో, ఒకటి గ్రామ పంచాయతీ కార్యాలయంలో, ఒకటి గ్రంథాలయంలో ఉంచండి. ఏడాది తరువాత మీకంటె చిన్న తరగతి విద్యార్థిని పిలిచి, "గత ఆగస్టులో బావి నీటిమట్టం ఎంత?" అని అడగండి. మీరు పక్కన లేకుండా అయిదు నిమిషాలలో అతడు జవాబు వెదికి తేగలిగితే మీ నిధి బాగున్నట్లు. తేలేకపోతే ఎక్కడ ఆగిపోయాడో చూచి, అక్కడ సరిచేయండి.

ఒక్క ఏడాది లెక్కలు చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. పదేళ్ళు వరుసగా ఉంటే, బావి ఎందుకు ఎండుతున్నదో చెప్పగల ఆధారం మీ ఊరి చేతిలో ఉన్నట్లే. అప్పటికి మీరు పాఠశాలలో ఉండరు. కొలతలు మాత్రం ఉంటాయి. అవసరమైనవారికి దొరుకుతాయి.